కోత పిల్లల కాలికి, సంతకం తండ్రిది

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు చేసిన నష్టం ఈ వ్యాసం చదివేవారికి కొత్త సంగతి కాదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక ఆ చర్చ చల్లబడింది. కానీ ఫ్లోరైడ్ వల్లనో, మరో కారణంతోనో కాళ్లు వంకరపోయి ఆపరేషన్ బల్ల ఎక్కే పిల్లలను వాళ్ల శరీరం గురించి ఎవరైనా అడుగుతున్నారా అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ చర్చకు రాలేదు. రాత్రి నుంచి ఏమీ తినొద్దని చెప్పినప్పుడే తెల్లవారితే తనకు ఆపరేషన్ అని పద్నాలుగేళ్ల పిల్లకు అర్థమయ్యే పద్ధతిని ఇకనైనా మార్చాలి.

వంకర కాలి ఆపరేషన్ అపెండిక్స్ పగిలినప్పుడు చేసే ఆపరేషన్ లాంటిది కాదు. ఎముక ఇంకా పెరుగుతున్న వయసైతే మోకాలి దగ్గర ఒక పక్కన చిన్న ప్లేటు బిగించి, కాలు మెల్లగా సరయ్యే దాకా నెలల తరబడి ఆగవచ్చు. ఆ తర్వాత ప్లేటు తీయడానికి మళ్లీ కోత తప్పదు. పెరుగుదల ఆగిపోతే ఎముకను కోసి, కోణం సరిచేసి బిగించాలి. ఏ దారిలోనైనా మాట్లాడుకోవడానికి వ్యవధి ఉంటుంది. పదో తరగతి పరీక్షల ముందా, తర్వాతా? మే నెల ఎండలో కట్టు కింద చెమటకు పుట్టే దురదను ఎలా ఓర్చుకోవాలి? మోకాలు వంచలేని అమ్మాయి సంక్షేమ హాస్టల్ మరుగుదొడ్డిలో ఎలా కూర్చోవాలి, నెలసరి వస్తే ఎవరు సాయం పడతారు? ఈ ప్రశ్నలు సర్జన్‌కు తట్టవు, తండ్రి నోట రావు. ఆపరేషన్ తర్వాత నొప్పిని ఓర్చుకుని రోజూ మోకాలు వంచాల్సింది కూడా ఆ పిల్లే కనుక, ఆమె ఇష్టపడని చికిత్స సగంలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

పిల్లలు భయంతో వద్దంటారని, రద్దీ ఆస్పత్రిలో ఇంత ఓపిక ఎవరికుంటుందని వైద్యులు అంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిల్లల మాటే చెల్లాలని ఎవరూ కోరడం లేదు. అయితే భయపడే రోగికి సంగతి చెప్పకుండా దాస్తే భయం తగ్గుతుందని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు.

మన నిబంధనల్లోని వింత చూడండి. పిల్లల మీద పరిశోధన చేయాలంటే ఏడేళ్లు నిండినవారి నోటి అంగీకారం, పన్నెండు దాటితే రాతపూర్వక అంగీకారం తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పిల్లల అభిప్రాయానికి వయసును బట్టి విలువ ఇవ్వాలన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లోనే ఆమోదించింది. అంటే పరిశోధన కోసం రక్తం తీసుకోవాలంటే పిల్లవాడిని అడగాలి, చికిత్స కోసం ఎముక కోయడానికి మాత్రం తండ్రి వేలిముద్ర చాలు!

అసలు ఆ వేలిముద్ర వేసే తండ్రికైనా ఏం తెలుసు? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముప్పు అన్నీ వివరించాకే సమ్మతి తీసుకోవాలని తేల్చిచెప్పింది; వయసొచ్చిన కూతురు మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కూడా అన్నది. మన దగ్గర మాత్రం 'ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు' అన్న రెండు మాటలతో ఆ వివరణ ముగుస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితి పది లక్షలకు పెరిగింది. పాలమూరు కూలీకి ఖరీదైన ఆపరేషన్ అందుబాటులోకి రావడం చిన్న విషయం కాదు, కానీ డబ్బు కట్టని రోగికి ప్రశ్న అడిగే హక్కు లేదన్న ధోరణి కూడా దానితోపాటే పాతుకుపోయింది. పెద్దవాళ్లనే పిల్లల్లా చూసే వార్డులో పిల్లలను మనుషులుగా ఎవరు చూస్తారు?

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ముందుగా తేదీ కుదిరే ప్రతి ఆపరేషన్‌కు, పన్నెండేళ్లు దాటిన పిల్లల కేసు షీటులో తెలుగులో ఒక పేజీ చేర్చాలి: ఏం చేస్తారు, ఎన్నాళ్లు నడవలేరు, చేయకపోతే ఏమవుతుంది, నీకున్న సందేహాలేమిటి. ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర దాన్ని చదివి వినిపించాలి, వైద్యుడు జవాబులు చెప్పాలి, కింద పిల్లల సంతకం ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రులు ఈ వేసవి సెలవుల ఆపరేషన్లతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.