ఆ జీకే ఫార్వర్డ్ నమ్ముకుని క్విజ్‌కి వెళ్తే పాయింట్లు పోతాయి

"ఇవి కంఠతా పడితే ఏ క్విజ్‌లోనైనా ఫస్ట్ ప్రైజ్ మీదే" అంటూ ఒక పొడవాటి జనరల్ నాలెడ్జ్ జాబితా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఒక్కోసారి "ప్రతి భారతీయుడూ గర్వపడాల్సిన నిజాలు" అని పేరు మార్చుకుంటుంది, ఒక్కోసారి గ్రూప్స్ స్టడీ మెటీరియల్ అవతారం ఎత్తుతుంది. సరుకు మాత్రం అదే. పబ్బుల్లో జరిగే క్విజ్ లీగులకు టీములు కట్టి వెళ్లేవాళ్లు కూడా స్టార్టర్స్ వచ్చేలోపు దీన్నే ఓసారి తిరగేస్తుంటారు. అందులో ఒక్క నిజమూ లేదని అనను. ఆక్టోపస్‌కి మూడు గుండెలన్నదీ, వాటికన్ అతి చిన్న దేశమన్నదీ సరైనవే. ఇబ్బందల్లా ఆలోచించకుండా రాసేసే జవాబులతోనే. వాటిలో చాలావరకు పచ్చి అబద్ధాలు కావు. ఏ షరతు మీద నిజమో ఆ షరతు ఎక్కడో రాలిపోయిన నిజాలు. అందుకే పట్టుకోవడం కష్టం.

"ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు."

కాదు, నీలం సంజీవరెడ్డి. ప్రకాశం గారు ముఖ్యమంత్రి అయింది ఆంధ్ర రాష్ట్రానికి. అది 1953 అక్టోబర్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి, కర్నూలు రాజధానిగా ఏర్పడింది. హైకోర్టు గుంటూరులో పెట్టారు. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు వచ్చి కలిశాక ఆంధ్రప్రదేశ్ పుట్టింది 1956 నవంబర్ 1న. అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి బెజవాడ గోపాలరెడ్డి, హైదరాబాద్ రాష్ట్రానికి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రులు. కొత్త రాష్ట్రం పగ్గాలు ఇద్దరికీ కాకుండా సంజీవరెడ్డికి దక్కాయి. బూర్గుల దగ్గర ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్ రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఎవరంటే, 1950లో కేంద్రం నియమించిన ఎం.కె. వెల్లోడి. ఎన్నికల్లో గెలిచి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఎవరంటే, 1952లో వచ్చిన బూర్గుల. క్విజ్ మాస్టర్ ఏది అడిగాడో చెవులు రిక్కించి వినాల్సిందే.

ఇదే జాబితాలో దీని పక్కనే "పొట్టి శ్రీరాములు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణత్యాగం చేశారు" అని కూడా ఉంటుంది. శ్రీరాములు గారు దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న కన్నుమూసింది మద్రాసు రాష్ట్రంలోని తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలని, మద్రాసు నగరం అందులో ఉండాలని. హైదరాబాద్ విలీనం ఆ దీక్షలో లేదు. మద్రాసు రాలేదన్నది వేరే కథ. తెలంగాణ, ఆంధ్ర మిత్రులు ఒకే టీములో ఉన్నప్పుడు ఈ రెండు రాష్ట్రాలనూ కలగాపులగం చేస్తే పోయేది ఒక పాయింటే కాదు, ఆ రాత్రికి మాటలు కూడా ఆగిపోతాయి.

"భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం ఆంధ్ర" అన్నదానికి ముందు "స్వతంత్ర భారతంలో" అని ఉండాలి. ఒడియా మాట్లాడేవాళ్ల కోసం ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. వాళ్లు ఆ రోజును ఇప్పటికీ ఉత్కళ దివసంగా జరుపుకుంటారు. పక్క టేబుల్ మీద భువనేశ్వర్ టీము ఉంటే అభ్యంతరం చెబుతుంది, న్యాయంగానే.

"ప్రపంచంలోనే అతి పెద్ద వజ్రం కోహినూర్, మన గోల్కొండ గనుల్లో దొరికింది."

ఒక్క వాక్యంలో రెండు తప్పులు. గోల్కొండలో వజ్రాల గనులు లేవు. అది కోట, అంగడి. కృష్ణా పరీవాహకంలో తవ్విన రాళ్లు అక్కడికి చేరి అమ్ముడయ్యేవి కాబట్టి ఆ పేరు స్థిరపడింది. గనుల్లో పేరు మోసింది కొల్లూరు, ఇప్పటి పల్నాడు ప్రాంతంలో కృష్ణ ఒడ్డున. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే అక్కడ ఆడా మగా పిల్లా కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ ఊరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. కోహినూర్ కొల్లూరుదేనని గట్టిగా చెప్పుకుంటారు గానీ, అది ఫలానా గనిలో ఫలానా ఏట దొరికిందని చూపే కాగితం లేదు. చరిత్రలో దాని జాడ గట్టిగా దొరికేది 1739లో నాదిర్ షా ఢిల్లీని దోచుకెళ్లిన దగ్గర నుంచి.

ఇక సైజు. 1852లో లండన్‌లో మళ్లీ సానపట్టక ముందు కోహినూర్ సుమారు 186 కేరట్లు, ఇప్పుడు 105.6. దక్షిణాఫ్రికాలో 1905లో దొరికిన కల్లినన్ ముడిరాయి 3,106 కేరట్లు. దాన్నుంచి కోసిన పెద్ద ముక్క ఒక్కటే 530 కేరట్లు. అది కూడా లండన్ టవర్‌లోనే, రాజదండంలో పొదిగి ఉంది. అంత దూరం ఎందుకు, నిజాం నగల్లోని జేకబ్ వజ్రం 184.75 కేరట్లు. ఏడో నిజాం దాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకునేవాడని చెబుతారు. 1995లో నిజాం నగలన్నిటితో పాటు భారత ప్రభుత్వం కొన్నది. ఇప్పటి కోహినూర్ కంటే అది పెద్దది, పైగా గోల్కొండ వజ్రం కానే కాదు, దక్షిణాఫ్రికా రాయి. క్విజ్ పెట్టేవాళ్లు కోహినూర్‌ను ఓసారి పక్కన పెట్టి దీని మీద అడిగితే టేబుళ్లు వేడెక్కుతాయి.

"బ్రిటన్‌కు కానుకగా ఇచ్చారు", "బ్రిటిష్‌వాళ్లు దొంగిలించారు" అని రెండు రకాల ఫార్వర్డులూ ఉన్నాయి. 1849 లాహోర్ ఒప్పందంలో ఆ వజ్రాన్ని ఇంగ్లండ్ రాణికి అప్పగించాలని ఒక షరతు ఉంది. సంతకం చేసిన మహారాజు దులీప్ సింగ్‌కు అప్పుడు పదేళ్లు. దీన్ని ఏమని పిలవాలో మీ ఇష్టం.

"సున్నాను కనిపెట్టింది ఆర్యభటుడు."

దీనికి వెంటనే వచ్చే జోకు కూడా పాతదే: మరి రావణుడి పది తలలు ఎవరు లెక్కపెట్టారు? జోకు తేలికే, జవాబు తేలిక కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఒక స్థానం నుంచి తర్వాతి స్థానానికి విలువ పది రెట్లవుతుందన్న మాట ఉంది. కానీ ఆయన అంకెలను అక్షరాలతో రాసే పద్ధతి వాడారు. అందులో సున్నాకు గుర్తు లేదు. సున్నాను ఒక సంఖ్యగా తీసుకుని, దాన్ని కూడితే ఏమవుతుంది, తీసేస్తే ఏమవుతుంది, గుణిస్తే ఏమవుతుంది అని నియమాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా రాశాడు, అది నేడు చెల్లదు. ఇక ఖాళీ స్థానాన్ని చూపడానికి గుర్తు పెట్టే అలవాటు బాబిలోనియాలో అంతకు ఎంతో ముందే ఉంది, మాయా జనం వేరుగా తమ సున్నాను తాము తయారుచేసుకున్నారు. కాబట్టి "సున్నాతో లెక్కలకు నియమాలు మొదట రాసింది ఎవరు" అని అడిగితే బ్రహ్మగుప్తుడని ధైర్యంగా రాయవచ్చు. "కనిపెట్టింది ఎవరు" అని అడిగితే మాత్రం అది ప్రశ్న కాదు, తగువు.

"జనగణమనను యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయగీతంగా ప్రకటించింది" అన్నది 2008 నుంచీ తిరుగుతోంది. అలాంటి ప్రకటనేదీ చేయలేదని యునెస్కోనే చెప్పింది. దాని కవల "జార్జ్ చక్రవర్తిని పొగుడుతూ రాసిన పాట". 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో జనగణమన మొదటిసారి పాడారు. అదే రోజు రాజుకు స్వాగతంగా హిందీలో మరో పాట కూడా పాడారు. కొన్ని ఇంగ్లిష్ పత్రికలు రెండింటినీ ఒకటి చేసి రాసేశాయి. ఆ ఆరోపణను ఠాగూర్ తర్వాత 1937 నాటి ఉత్తరంలో ఖండించారు. ఈ పాట మీద మంచి ప్రశ్న కావాలంటే మన పక్కనే ఉంది: ఠాగూర్ దీన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించింది ఎక్కడ? మదనపల్లెలో, 1919లో, అక్కడి థియోసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు. బాణీని స్వరలిపిలో పెట్టింది ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య, సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని లేని సర్టిఫికెట్ కోసం వెతుక్కోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

"జాతీయ క్రీడ హాకీ, జాతీయ భాష హిందీ" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. ఒలింపిక్స్‌లో 8 హాకీ స్వర్ణాలు మాత్రం నిఖార్సయిన నిజం. రాజ్యాంగంలోని 343వ అధికరణ హిందీని కేంద్రానికి అధికార భాష అంటుంది, జాతీయ భాష అన్న హోదా అందులో ఏ భాషకూ లేదు.

"చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుంది." చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, గోడ వెడల్పు కొన్ని మీటర్లు. అంత దూరం నుంచి మామూలు కంటికి ఒక వస్తువు ఆనాలంటే దాని వెడల్పు వంద కిలోమీటర్ల పైమాటే కావాలి. ఐదారు కిలోమీటర్ల అవతల ఉన్న తల వెంట్రుకను చూడటం లాంటిది ఇది. అసలు ఈ మాట మనిషి అంతరిక్షంలోకి వెళ్లకముందు నుంచే ఉంది. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లివెయ్ భూమి చుట్టూ తిరిగి వచ్చి, అక్కడి నుంచే తనకు గోడ కనిపించలేదన్నాడు.

"చార్మినార్ ప్లేగు పోయినందుకు కట్టారు" అన్నది పూర్తిగా కొట్టేయలేం, ఒప్పుకోలేం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడన్నంతవరకు పేచీ లేదు. అదే ఏడు అక్టోబర్‌లో హిజ్రీ 1000వ సంవత్సరం మొదలైంది, దాని గుర్తుగా కట్టారన్న వాదన కూడా బలంగా ఉంది. కారణం అడిగి ఒక్క జవాబుకే పాయింటు ఇస్తే అన్యాయం. ఏడాది అడగండి, ఎవరు కట్టించారో అడగండి.

చివరగా, ఈ జాబితాను వెనకేసుకొచ్చేవాళ్లు అనే మాట ఒకటుంది: "అందరూ అదే రాస్తారు, కీలోనూ అదే ఉంటుంది, సరదాకే కదా." గ్రూప్స్ పరీక్షలో అయితే ప్రాథమిక కీ ఇచ్చి, ఆధారాలతో అభ్యంతరాలు పెట్టుకోవడానికి గడువిస్తారు. పబ్బులో ఆ సౌకర్యం లేదు. క్విజ్ మాస్టర్ మాటే ఫైనల్, ఫోన్లు జేబుల్లో ఉంటాయి. కాబట్టి ప్రశ్న పెట్టేవాడే ముందు చూసుకుని రావాలి. ఆడేవాళ్లు షీటు మీద రెండు జవాబులు రాసి తప్పించుకుందామంటే కుదరదు, చాలాచోట్ల దానికి పాయింటు ఇవ్వరు. "ప్రపంచంలో అతి పెద్ద ఎడారి" అని వినపడగానే సహారా అని గీకేయకుండా చెయ్యెత్తి "వేడి ఎడారుల్లోనా, అన్నిట్లోనా" అని అడగండి. అన్నిట్లో అయితే అంటార్కిటికా, సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. సహారా 90 లక్షల దగ్గరే ఆగిపోతుంది.