సంతకం డాక్టరుదే, మరి తప్పు?

"వైద్యంలో ఏఐ సలహా మాత్రమే ఇస్తుంది, తుది నిర్ణయం డాక్టరుది, కాబట్టి బాధ్యతా డాక్టరుదే" అన్న వాదన నాకు సగమే నిజమనిపిస్తోంది. కుప్పలు తెప్పలుగా ఎక్స్‌రేలు చూడాల్సిన మనిషికి స్క్రీన్ మీద ఏఐ 'నార్మల్' అని చూపించాక, మళ్ళీ మొదటి నుంచి చూసే తీరిక ఎక్కడిది? తీరిక ఇవ్వకుండా సంతకం మాత్రం పెట్టించుకుంటే అది బాధ్యత అప్పగించడం కాదు, నెత్తిన రుద్దడం.

1985-87 మధ్య థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్స యంత్రం ఆరుగురికి విపరీతమైన రేడియేషన్ మోతాదు ఇచ్చేసింది. సాఫ్ట్‌వేర్ లోపాలు, పైగా పాత మోడళ్ళలో ఉన్న రక్షణ ఏర్పాట్లు తీసేశారు. ఒళ్ళు కాలిందని రోగులు చెబితే, అలా జరగడం అసాధ్యమని తయారీదారులు మొదట కొట్టిపారేశారు. అది ఏఐ కాదులెండి, మామూలు ప్రోగ్రామే. కానీ మనిషి మాట కన్నా యంత్రాన్ని నమ్మే అలవాటు అప్పటికే ఉంది.

2019లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనం సంగతి వేరు. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేల్చే అల్గారిథం (కంప్యూటర్ లెక్క) ఒకటి, జబ్బు తీవ్రతకు బదులు వైద్యానికయ్యే ఖర్చును కొలతగా తీసుకుంది. నల్లజాతి రోగుల మీద అప్పటిదాకా పెట్టిన ఖర్చే తక్కువ. దాంతో అంతే జబ్బున్నా వాళ్ళు వెనకబడిపోయారు. ఇందులో ఏ డాక్టరుని నిలదీస్తాం? ఆ కొలత ఎంచుకున్నవాళ్ళని, సరిగ్గా పరీక్షించకుండా కొన్నవాళ్ళని కదా అడగాలి!

అసలు తన రిపోర్టు ముందు ఏఐ చూసిందని రోగికి చెబుతున్నారా? నాకైతే అది ముందు తేలాలి.