తర్వాత ఏం చదవాలి అనే గంభీర సమస్య గురించి

నవలలు చదవడంలో ఉన్న పెద్ద ఇబ్బంది ఏమిటంటే, తర్వాత ఏ నవల చదవాలో తేల్చుకునే పని దానివల్ల కుంటుపడుతుంది. పాఠకలోకం ఈ విషయాన్ని ఇంకా పట్టించుకున్నట్టు లేదు. ఎంపిక అంటే మాటలా? సమీక్షలు చూడాలి, జాబితాలు చూడాలి, ఆ జాబితాలను దుమ్మెత్తిపోసిన వ్యాసాలూ చూడాలి. ఇంత పని నెత్తిన పెట్టుకుని మధ్యలో పుస్తకం తెరిచి కూర్చోవడం బాధ్యతారాహిత్యం కాక మరేమిటి?

బుకర్ ప్రైజ్ వాళ్ళు మనకు సాయం చేస్తున్నామనే అనుకుంటున్నారు. 2025లో ఐదుగురు న్యాయనిర్ణేతలు 153 పుస్తకాలు చదివి, 13 ఏరి, వాటిని 6కు కుదించి, చివరికి ఒకదానికి బహుమతి ఇచ్చారు. ఇక్కడే పాఠకుల్లో కులీనత మొదలవుతుంది. గెలిచిన నవల చదివేవాడు సామాన్యుడు. ఆరింటిలో ఓడినదాన్ని చదివేవాడు అభిరుచి గలవాడు. పదమూడులో ఉండి ఆరులోకి రాలేకపోయినదాన్ని వెతికి పట్టుకునేవాడు మేధావి. ఏ జాబితాలోనూ లేనిదాన్ని చదివేవాడు బహుశా ఆ రచయితకు బావమరిది.

లావు సంగతీ చూడాలి. 2013లో బుకర్ గెలిచిన ‘ద లూమినరీస్’ 832 పేజీలు. 2024లో అదే బహుమతి పొందిన ‘ఆర్బిటల్’ 136 పేజీలు. అందులో ఆరుగురు వ్యోమగాములు ఒక్కరోజులో భూమిని 16 సార్లు చుట్టివస్తారు. కొనాలా వద్దా అని ఆ పుస్తకం చుట్టూ అంతకన్నా ఎక్కువే తిరిగిన పాఠకులున్నారు. ఇక 2025 నోబెల్ గ్రహీత, హంగరీ రచయిత లాస్లో క్రాస్నహోర్కయి గారు ‘హెర్ష్ట్ 07769’ అనే నవలను, దాదాపు 400 పేజీల దాన్ని, ఒకే వాక్యంగా రాశారు. “ఈ వాక్యం అయ్యాక దీపం ఆర్పేస్తా” అని ఇంట్లోవాళ్ళకు మాటిచ్చే అలవాటున్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి.

సరే, తెగించి కొత్త నవల ఒకటి తెరిచారే అనుకుందాం. ముందుగా కనిపించేది, అంటే కనిపించనిది, కొటేషన్ మార్కు. ఈమధ్య చాలామంది గొప్ప రచయితలు దాన్ని ఎత్తేశారు. నువ్వు రానక్కర్లేదు. వాన పడుతోంది. నాకు తెలుసు. ఈ మూడు ముక్కల్లో ఏది భార్య అన్నదో, ఏది భర్త మనసులో అనుకున్నాడో, వాన నిజంగానే పడుతోందో, మనమే తేల్చుకోవాలి. తేలకపోతే అది రచనలోని సందిగ్ధ సౌందర్యం. తేలిపోతే నవల కాస్త పలచనైనట్టు. మొత్తం వర్తమాన కాలంలోనే నడుస్తుంది కాబట్టి ఎప్పుడో చిన్నప్పుడు పోయిన తాతగారు కూడా ఇంకా పోతూనే ఉంటారు. (నాకు ఇలాంటి నవలలు ఇష్టమే. ఆ మాట పదిమందిలో ఒప్పుకోను.)

అందుకే అనుభవజ్ఞులు వెనక అట్టతో సరిపెట్టుకుంటారు. అక్కడ వాక్యాలు పొట్టివి, కొటేషన్ మార్కులు పుష్కలం, ప్రతి పుస్తకమూ అద్భుతమే. ‘సాహసోపేతమైన రచన’ అంటే కథ ఉండదు. ‘నిదానంగా మనసులోకి ఇంకుతుంది’ అంటే 200వ పేజీ దాకా ఏమీ జరగదు. ‘తప్పక చదవాల్సిన గొంతు’ అన్నవారు చదివారో లేదో చెప్పలేం. అలాంటిది 2025 జనవరిలో అమెరికా ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షూస్టర్ తమ ప్రధాన విభాగంలో రచయితలు ఈ మెప్పులు సేకరించి తేవడం ఇక తప్పనిసరి కాదంది. పుస్తకం గురించి తెలుసుకోవాలంటే పుస్తకమే చదవాలనే దుస్థితిలోకి మనల్ని నెడుతున్నారన్నమాట.

ఫ్రెంచ్ రచయిత డానియల్ పెనాక్ 1992లో పాఠకుడికి పది హక్కులు ప్రకటించాడు. మొదటిది అసలు చదవకుండా ఉండే హక్కు, మూడోది సగంలో వదిలేసే హక్కు. ఎంచుకుంటూనే కాలం గడిపే హక్కు పదకొండోదిగా చేర్చాలని నా డిమాండ్. అది మంజూరయ్యేలోగా ఎవరైనా “ఇప్పుడేం చదువుతున్నారు?” అంటే “కొన్ని పరిశీలనలో ఉన్నాయి” అని చెప్పి తప్పుకోవచ్చు. అంతటితో వదలని మొండిఘటం తగిలితే ఆ హంగరీ నవల పేరు చెప్పండి. ఎంతవరకు వచ్చిందని నిలదీస్తే, మొదటి వాక్యంలోనే ఉన్నానని ధీమాగా అనండి. రెండో పేజీలో మూసేసినవాడికైనా, చివరి పేజీకి వచ్చినవాడికైనా అది అబద్ధం కాదు.