పుస్తకానికి భయపడే సినిమాలు

2000 ఏప్రిల్‌లో, టోల్కీన్ ఫాంటసీ నవల ఆధారంగా తీస్తున్న ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ సినిమాల ప్రివ్యూ ఇంటర్నెట్‌లో పెడితే తొలి 24 గంటల్లో 17 లక్షల డౌన్‌లోడ్లు జరిగాయి. అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు. చాలా ఇళ్లలో ఉన్నవి ఫోన్ లైన్ మీద నడిచే కనెక్షన్లు. చిన్న వీడియో దిగాలన్నా ఓపిగ్గా కాచుకోవాలి. తీరా దిగాక అందులో కథేమీ లేదు. కొన్ని ముఖాలు, కొన్ని కొండలు, కొంత షూటింగ్ హడావుడి. దానికే జనం పొంగిపోయారు.

ఆ తర్వాత పాతికేళ్లలో సాధనాలు మారాయి గానీ ఆత్రం మారలేదు. ఇష్టమైన ఫాంటసీ సిరీస్ తెరకెక్కుతోందన్న కబురు రాగానే అభిమానికి ఒక పక్క పట్టలేని సంతోషం, ఇంకో పక్క ఎక్కడ పాడుచేస్తారోనని టెన్షన్. బయటివాళ్లు దీన్ని చాదస్తం అంటారు. నేననను. 1997లో పదేళ్ల వయసులో మొదటి హ్యారీ పోటర్ పుస్తకం పట్టుకున్న పిల్లకు, 2007లో ఏడోది వచ్చేసరికి ఇరవై ఏళ్లు. బడి, కాలేజీ, స్నేహాలు, కోపతాపాలు అన్నీ ఆ కథ పక్కనే గడిచాయి. అలాంటి మనిషి ఫలానా పాత్రకు ఎవరిని తీసుకున్నారో అని కంగారుపడితే అందులో వింతేముంది?

కాకపోతే ఆ కంగారంతా అక్కర్లేని చోట ఖర్చవుతోంది. ఏ సన్నివేశం తీసేశారు, ఏ పాత్రను లేపేశారు అని లెక్కలు తీస్తూ కూర్చుంటాం. కోతలు ఎలాగూ తప్పవు. మనం కనిపెట్టాల్సింది వేరే ఉంది: పుస్తకంలో దేన్ని చూసి సినిమావాళ్లు జంకుతున్నారు? పుస్తకాలు తెర మీద చచ్చిపోయేది చాలాసార్లు ఆ జంకు దగ్గరే.

ముందు కోతల సంగతి తేల్చేద్దాం. స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషమని సినిమావాళ్ల లెక్క. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ను ఒక్క ముక్క వదలకుండా పైకి చదివితే 50 గంటలు దాటుతుంది. థియేటర్లలో ఆడిన మూడు సినిమాలూ కలిపితే తొమ్మిది గంటల పైచిలుకు. అంటే ఐదో వంతు కూడా లేదు. చెడు శక్తి నిండిన ఒక ఉంగరాన్ని నాశనం చేయడానికి ఫ్రోడో అనే హాబిట్, అంటే ఒక పొట్టి జాతి మనిషి, బయల్దేరే కథ అది. అందులో టామ్ బాంబడిల్ అనే పాత్ర మొత్తానికే పోయింది. యుద్ధం ముగించుకుని ఇంటికొచ్చిన హాబిట్లు తమ సొంత సీమ షైర్ దుండగుల పాలైందని చూసి, మళ్లీ పోరాడి దక్కించుకునే ఘట్టమూ పోయింది. ఫారమిర్ అనే యోధుడైతే మనిషే మారిపోయాడు. ఉంగరం దారి పక్కన పడి ఉన్నా తీసుకోనని పుస్తకంలో చెప్పినవాడు, సినిమాలో ఫ్రోడోను పట్టుకుని ఉంగరంతో సహా తండ్రి దగ్గరికి చేర్చాలని చూస్తాడు. ఈ మార్పు నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు.

అయినా ఆ సినిమాలు నిలబడ్డాయి. మూడోది పోటీపడిన 11 విభాగాల్లోనూ ఆస్కార్ గెలిచిందన్నది అందరికీ తెలిసిందే. దాని కంటే నాకు పెద్దదిగా కనిపించేది ఇంకొకటుంది. ఉంగరం నాశనమయ్యాక కూడా ఆ సినిమా చాలాసేపు సాగుతుంది. గెలిచాక ఫ్రోడో బాగుపడడు. గాయం మానదు, సొంత ఊళ్లో ఉండలేడు, ఓడెక్కి వెళ్లిపోతాడు. ముగింపులు ఎక్కువయ్యాయని అప్పట్లో విసుక్కున్నవాళ్లు చాలామంది. కానీ గెలుపు ఖరీదేమిటన్నదే టోల్కీన్ కథకు ప్రాణం. దాన్ని చూసి దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం బెదరలేదు. బాంబడిల్ లేకపోయినా పుస్తకం అక్కడ బతికే ఉంది.

ఆ ధైర్యం వెనుక ఉన్న శ్రద్ధ కూడా చెప్పుకోవాలి. హాబిట్ల ఊరు హాబిటన్ కోసం న్యూజిలాండ్‌లోని మటామటా దగ్గర ఒక గొర్రెల పొలంలో షూటింగ్‌కు ఏడాది ముందే మొక్కలు నాటారు. కెమెరా వచ్చేసరికి కంచెలు ఏపుగా పెరిగి, తోటలు నిజంగా మనుషులు మసిలిన తోటల్లా ఉండాలని. రోహన్ దేశపు రాజు థియోడెన్ కవచానికి లోపలి వైపు, అంటే నటుడి ఛాతీకి ఆనే వైపు కూడా రోహన్ చిహ్నాలు చెక్కారు. అది తెర మీద ఎప్పటికీ కనిపించదు. వేసుకున్న బెర్నార్డ్ హిల్‌కు మాత్రం తాను రాజునని ఒంటికి తెలిసింది. ఇంత చేసినవాళ్లు ఫారమిర్‌ను మార్చినా, ఆలోచించే మార్చి ఉంటారని నమ్మకం కుదురుతుంది. ఒప్పుకోకపోయినా వాళ్లతో వాదించొచ్చు.

ఈ ప్రాజెక్టు మొదట మిరామాక్స్ అనే నిర్మాణ సంస్థ చేతిలో ఉండేది. వాళ్లు రెండు సినిమాలన్నారు, తర్వాత ఒక్కదానితో సరిపెట్టమన్నారు. జాక్సన్ న్యూలైన్ అనే ఇంకో స్టూడియో గడప తొక్కి రెండు సినిమాల ప్రతిపాదన పెడితే, పుస్తకాలు మూడుంటే సినిమాలు రెండేమిటని ఆ సంస్థ అధిపతి రాబర్ట్ షే అడిగాడు. అదే న్యూలైన్ కొన్నేళ్లకే ఇంకో ఫాంటసీ సిరీస్ ముందు వణికిపోయింది.

అది ‘ద గోల్డెన్ కంపాస్’. 2007 డిసెంబర్‌లో వచ్చింది. బడ్జెట్ 180 మిలియన్ డాలర్లు. ఫిలిప్ పుల్మన్ రాసిన పుస్తకంలో మెజిస్టీరియం అంటే చర్చే. పిల్లల ఆత్మలను కోసే అధికారం అది. సినిమాలో మతం ఊసు వీలైనంత పలుచన చేసి, దాన్నొక పేరూ ఊరూ లేని నిరంకుశ సంస్థగా చూపారు. అసలు దెబ్బ ముగింపులో పడింది. పుస్తకం చివర చిన్నారి లైరా తన స్నేహితుడు రోజర్‌ను కాపాడుకున్నాననుకుని ఉత్తరాన ఉన్న తండ్రి దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ తండ్రే రోజర్‌ను బలిచ్చి, ఆ శక్తితో ఇంకో లోకానికి దారి తెరుస్తాడు. తాను చేయి పట్టుకుని తెచ్చిన పిల్లవాడు తన వల్లే చనిపోయాడన్న బరువుతో లైరా ఒంటరిగా ఆ లోకంలోకి నడుస్తుంది. మిగతా రెండు పుస్తకాలూ ఈ నేరభావం మీదే నడుస్తాయి. చనిపోయినవాళ్ల లోకం దాకా ఆమె వెళ్లేది రోజర్ కోసమే.

ఈ ఘట్టాన్ని షూట్ చేశారు కూడా. ట్రైలర్లలో దాని ముక్కలు కనిపించాయి. విడుదల దగ్గరపడ్డాక మొత్తం కోసేసి రెండో సినిమాకు దాచుకుందామనుకున్నారు. థియేటర్లో ప్రేక్షకులు చూసిందేమంటే, లైరా, రోజర్ గాలి ఓడలో ఆశగా ఎగిరిపోవడం. ఆ రెండో సినిమా రానే లేదు. అమెరికాలో వసూళ్లు 70 మిలియన్ల దగ్గరే ఆగిపోయాయి. విదేశాల్లో బాగా ఆడింది గానీ అక్కడి హక్కులను న్యూలైన్ ముందే అమ్ముకుంది. మరుసటి ఏడాదికల్లా ఆ సంస్థ వార్నర్ బ్రదర్స్‌లో కలిసిపోయింది. పన్నెండేళ్ల తర్వాత బీబీసీ, హెచ్‌బీవో కలిసి అదే కథను సిరీస్‌గా తీసి, మొదటి సీజన్‌ను రోజర్ చావుతోనే ముగించాయి. ఆ సిరీస్ మూడు పుస్తకాలనూ పూర్తిచేసింది. ప్రేక్షకులు తట్టుకోలేరనుకున్నదాన్ని తట్టుకున్నారు.

గ్రీకు దేవుడికి పుట్టిన కుర్రాడి కథ పెర్సీ జాక్సన్ సిరీస్ విషయంలో భయపెట్టింది వయసు. పుస్తకంలో పెర్సీకి పన్నెండేళ్లు. 2010 సినిమాలో అతన్ని టీనేజీ చివరికి తెచ్చారు, పెద్ద పిల్లలు కూడా టికెట్ కొంటారని. కానీ ఐదు పుస్తకాల కథ ఒక జోస్యం మీద ఆధారపడి ఉంది. పెద్ద దేవతల బిడ్డ పదహారో ఏట తీసుకునే నిర్ణయం మీద లోకం నిలుస్తుందో కూలుతుందో తేలుతుందని ఆ జోస్యం. మొదటి సినిమాలోనే కుర్రాడు ఆ వయసుకు వచ్చేస్తే ఇక మిగిలిందేమిటి? రెండో సినిమాకు జోస్యాన్నే మార్చుకోవాల్సి వచ్చింది. మూడోది లేదు. ఈ చిక్కు గురించి ముందే హెచ్చరిస్తూ నిర్మాతలకు రాసిన ఉత్తరాలను రచయిత రిక్ రియోర్డన్ ఆ తర్వాత బయటపెట్టాడు. డిస్నీ ప్లస్‌లో 2023 చివర్లో మొదలైన కొత్త సిరీస్‌లో పెర్సీ మళ్లీ పన్నెండేళ్ల పిల్లవాడు.

ఇక ఎర్త్‌సీ పుస్తకాలు. ఉర్సులా లె గ్విన్ తన ద్వీప లోకంలో ఎక్కువమందిని గోధుమ, రాగి, నలుపు రంగుల మనుషులుగా రాసింది. తెల్లవాళ్లు అక్కడ ఒక మూలనున్న జాతి. ఇది కావాలని చేసిన ఎంపిక. ఫాంటసీ వీరుడంటే తెల్లవాడే అయి ఉండాలన్న అలవాటును ఆమె 1968లోనే కాదనుకుంది. 2004లో టీవీ సిరీస్ తీసినవాళ్లు కథానాయకుడు గెడ్‌గా తెల్ల నటుడిని పెట్టారు. లె గ్విన్ ఊరుకోలేదు. తన లోకాన్ని తెల్లబరిచారని బహిరంగంగానే వ్యాసం రాసింది.

ఇక్కడే అభిమానుల వైపు తప్పు కూడా మాట్లాడుకోవాలి. 2022లో కొత్త పెర్సీ సిరీస్‌లో అతని స్నేహితురాలు అన్నబెత్‌గా లియా జెఫ్రీస్ అనే నల్లజాతి అమ్మాయిని తీసుకున్నప్పుడు, పుస్తకంలో అన్నబెత్ జుట్టు బంగారు రంగని గుర్తుచేస్తూ ఆ పసిపిల్ల మీద విరుచుకుపడ్డారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. ఎర్త్‌సీలో రంగు మారిస్తే తప్పన్నారు, ఇక్కడ మారిస్తే ఒప్పంటారా అని అడిగేవాళ్లున్నారు. రెండూ ఒకటి కావు. ఎర్త్‌సీలో రంగు కథా నిర్మాణంలో భాగం, దాన్ని తీసేయడమంటే రచయిత చెప్పదలచుకున్నదాన్ని తీసేయడం. అన్నబెత్ కథ ఆమె తెలివి చుట్టూ, తనను తాను నిరూపించుకోవాలన్న తపన చుట్టూ తిరుగుతుంది. జుట్టు రంగు మారితే అందులో కదిలేదేమీ లేదు. రియోర్డన్ ఆ ఎంపికలో తానూ ఉన్నానని, ఆ పాత్రకు ఆమే సరైనదని గట్టిగా రాశాడు. పుస్తకం మీద ప్రేమ పేరుతో ఒక పిల్లను ఏడిపించడానికి ఎవరికీ హక్కు లేదు. వివరాన్ని పట్టుకుని వేలాడితే అసలుది కనిపించకుండా పోతుందనడానికి ఇంతకంటే చేదు ఉదాహరణ నాకు తట్టడం లేదు.

అలాగని అభిమానుల గోల అంతా దండగ కాదు. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లోని హెల్మ్స్ డీప్ కోట యుద్ధంలో, చావులేని ఎల్ఫ్ జాతి అమ్మాయి అర్వెన్ కత్తి పట్టి పోరాడుతుందన్న వార్త పొక్కినప్పుడు టోల్కీన్ పాఠకులు గగ్గోలు పెట్టారు. కొంత షూటింగ్ అయ్యాక కూడా ఆ ఆలోచన మానుకున్నారు. మానుకోవడమే మంచిదైంది. అర్వెన్ బలం ఆమె వదులుకున్నదానిలో ఉంది, అమరత్వాన్ని కాదనుకుని ఒక మనిషి కోసం చావును ఎంచుకోవడంలో ఉంది.

ఈమధ్య ఇంకో మాట వినిపిస్తోంది: సినిమా వద్దు, సిరీస్ తీయండి, సమయం దొరుకుతుంది అని. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ‘ద వీల్ ఆఫ్ టైమ్’ 14 లావుపాటి పుస్తకాల కథ. రాబర్ట్ జోర్డన్ 2007లో చనిపోతే, ఆయన వదిలిన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడూ పూర్తిచేశాడు. రచయిత పోయినా పాఠకులకు ముగింపు దక్కింది. అమెజాన్ 2021లో మొదలుపెట్టిన సిరీస్ మాత్రం మూడు సీజన్లకే 2025లో ఆగిపోయింది, అదీ మూడో సీజన్ బాగా కుదిరిందని అభిమానులే మెచ్చుకుంటున్న సమయంలో. చెడ్డ సినిమాను తిట్టుకుని మర్చిపోవచ్చు. బాగుపడుతున్న కథను నడిమధ్యలో ఆపేస్తే ఆ వెలితి తీరదు. కాబట్టి సిరీస్ ప్రకటన వచ్చినప్పుడు మొదట అడగాల్సింది చివరిదాకా తీస్తారా అన్నదే.

సినిమా బాగా వచ్చినా పోయేది ఒకటుంది. ఫ్రోడో అనగానే నాకిప్పుడు ఇలైజా వుడ్ ముఖమే వస్తుంది. అంతకు ముందు నా మనసులో ఏ ముఖం ఉండేదో ఎంత తన్నుకున్నా గుర్తురాదు. అందుకే సినిమా వచ్చేలోగా పుస్తకం ఇంకోసారి చదవమని అందరికీ చెబుతుంటాను, ఆ లోకం పూర్తిగా మన సొంతంగా ఉండే ఆఖరి అవకాశం అదే.

జంకును ముందే పసిగట్టొచ్చా? కొంతవరకు. ఎన్నో పుస్తకాల సిరీస్‌ను కుదించిన ‘ద డార్క్ టవర్’ సినిమా నిడివి 95 నిమిషాలేనని 2017లో తెలిసినప్పుడే స్టీఫెన్ కింగ్ పాఠకులకు విషయం అర్థమైపోయింది. పిల్లల పాత్రల వయసు పెంచారంటే అనుమానించాలి. పుస్తకం పేరు చెప్పడానికి మొహమాటపడుతూ ఇంటర్వ్యూల్లో ఇది అందరి సినిమా అని పదేపదే చెబుతున్నారంటే ఇంకా అనుమానించాలి.

సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా పుస్తకాల విషయంలో నేను చూస్తున్నదీ ఇందుకే. దర్శకురాలు గ్రెటా గెర్విగ్ నెట్‌ఫ్లిక్స్ కోసం చేస్తున్న సినిమాకు ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’ను ఎంచుకుంది. నార్నియా పుట్టుక కథ అది. అస్లాన్ అనే సింహం పాట పాడుతుంటే ఆ పాటలోంచి లోకం మొలుస్తుంది. ఆ ఘట్టం గురించి నాకు బెంగ లేదు, గ్రాఫిక్స్‌కు అంతకంటే పండగ ఏముంటుంది. నా కళ్లన్నీ తోట సన్నివేశం మీదే. డిగరీ అనే పిల్లవాడి తల్లి మంచం పట్టి ఉంది. అస్లాన్ పంపగా మాయ ఆపిల్ తేవడానికి అతను ఆ తోటకు వెళ్తాడు. ఆ పండు అస్లాన్‌కు ఎందుకివ్వడం, నేరుగా తీసుకెళ్లి మీ అమ్మకు పెట్టు, బతుకుతుంది అంటుంది మంత్రగత్తె. పిల్లవాడు అల్లాడిపోతాడు, ఆఖరికి కాదంటాడు. సి.ఎస్. లూయిస్ తన తొమ్మిదో ఏట తల్లిని పోగొట్టుకున్న మనిషి. ఆ పేజీల్లో యుద్ధం లేదు, ఛేజింగ్ లేదు. ఉన్నదల్లా అమ్మ ప్రాణానికీ ఇచ్చిన మాటకూ మధ్య నలిగిపోతున్న ఒక పిల్లవాడు. స్టూడియో గదిలో ఎవరో ఒకరు ఇక్కడ నెమ్మదించింది, కాస్త కొట్లాట పెడదాం అని అనకుండా ఉండరు. గెర్విగ్ వాళ్లకు ఒప్పుకోకుండా ఉంటే, మిగతా పుస్తకంలో ఏం కోసినా నాకు అభ్యంతరం లేదు.