ఉల్లేఖనాలకు అందని ప్రభావం

పరిశోధకుడి స్థాయిని ఆయన ప్రచురించిన పత్రాల సంఖ్యతోనూ, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉల్లేఖించారన్న లెక్కతోనూ తేల్చే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో, వైద్య కళాశాలల్లో గట్టిగా వేళ్లూనుకుంది. ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే డెనిస్ బర్కిట్ 1958లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ప్రచురించిన పత్రాన్ని చూడాలి. ఉగాండాలోని కంపాలా నగరంలో, ములాగో ఆసుపత్రిలో సర్జన్‌గా ఉన్న ఆయన అందులో 38 మంది పిల్లల దవడ కణితులను వర్ణించారు. అంతకుముందు సంవత్సరం సహ వైద్యుడు హ్యూ ట్రోవెల్ పిలిచి ఒక పిల్లవాడి వాచిన దవడలను చూపించకపోతే ఆ పత్రమే ఉండేది కాదు. వెలువడినప్పుడు దాన్ని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. పైగా శీర్షికలోనే పొరపాటు ఉంది. ఆయన సార్కోమా (ఎముక, కండరం వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్) అన్నది నిజానికి లింఫోమా (రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్) అని కంపాలాలోనే పనిచేస్తున్న పాథాలజిస్టులు జార్జ్ ఓకానర్, జాక్ డేవిస్ ఆ తర్వాత నిర్ధారించారు.

అయినా ఆ పత్రం లింఫోమా పరిశోధన దిశను మార్చింది. ఒక బిడ్డకు దవడలో, మరో బిడ్డకు పొట్టలో, ఇంకొకరికి మూత్రపిండాల్లో కనిపించే కణితులను వైద్యులు అంతవరకు వేర్వేరు జబ్బులుగా రాసుకుంటూ వచ్చారు. అవన్నీ ఒకే వ్యాధికి భిన్న రూపాలని గుర్తించడమే బర్కిట్ చేసిన అసలు పని. అది ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్న ప్రశ్నతో 1961లో ఆయన మరో ఇద్దరు వైద్యులతో కలిసి పాత వాహనంలో తూర్పు, దక్షిణాఫ్రికా ప్రాంతాల్లో సుమారు 16 వేల కిలోమీటర్లు తిరిగి, దారి పొడవునా ఆసుపత్రుల్లో వాకబు చేశారు. భూమధ్యరేఖకు చేరువలో దాదాపు 1500 మీటర్లకు పైబడిన ఎత్తుల్లోనూ, వర్షాలు బాగా తక్కువగా పడే చోట్లా ఈ వ్యాధి కనిపించలేదు. దోమలు మోసుకొచ్చే వైరస్ దీనికి కారణం కావచ్చని అప్పట్లో ఊహించారు. ఆ ఊహ యథాతథంగా నిలబడలేదు. వైరస్ ఉన్న మాట నిజమే కాని అది లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. దోమ మోసుకొచ్చేది దానికి తోడయ్యే మలేరియాను.

ఆ వైరస్ దొరికిన తీరు కూడా పత్రాల లెక్కలో ఇమడదు. 1961 మార్చిలో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో బర్కిట్ చేసిన ప్రసంగాన్ని ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే పాథాలజిస్టు విన్నారు. కోళ్లలో కణితులు పుట్టించే వైరస్‌పై పనిచేస్తున్న ఆయన, కంపాలా నుంచి కణితి ముక్కలను విమానాల్లో తెప్పించుకుని దాదాపు మూడేళ్లు వెదికారు. 1964లో ఎప్‌స్టీన్, బెర్ట్ అచాంగ్, ఇవోన్ బార్‌లు లాన్సెట్‌లో ప్రచురించిన పత్రం, మనిషిలో క్యాన్సర్‌తో ముడిపడిన మొట్టమొదటి వైరస్‌ను లోకానికి చూపింది. దానికి బీజం పడింది ప్రసంగశాలలో. అలాంటి అప్పు ఏ ఉల్లేఖన సూచికలోనూ నమోదు కాదు.

చికిత్స సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా పట్టింపు ఉండాల్సిన విషయం. రేడియోథెరపీ అందుబాటులో లేని కంపాలాలో బర్కిట్ మందులను ఆశ్రయించారు. న్యూయార్క్ వైద్యులతో కలిసి ఆయన 1963లో ప్రచురించిన ఫలితాలు మెథోట్రెక్సేట్‌కు సంబంధించినవి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుంచి వచ్చిన మందు అది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావుకు ఈ వార్త తెలిసే అవకాశం లేకపోయింది.

1982 నాటికి కథ జన్యువుల దాకా వెళ్లింది. ఎనిమిదో క్రోమోజోమ్‌పై ఉంటూ కణాల పెరుగుదలను నడిపించే మిక్ (MYC) జన్యువు, ఎక్కువ కేసుల్లో పద్నాలుగో క్రోమోజోమ్‌లోని యాంటీబాడీ జన్యువుల పక్కకు చేరి అదుపు తప్పుతుందని ఈ లింఫోమా కణాల్లోనే తేలింది. ఇవాళ మిక్‌పై రాసేవారు 1980ల పత్రాలను ఉల్లేఖిస్తారు, 1958 నాటి దాన్ని అరుదుగా తలుస్తారు. బర్కిట్ పేరు వ్యాధి పేరుగా (బర్కిట్ లింఫోమా) స్థిరపడిపోవడంతో మూలపత్రాన్ని చూపవలసిన అవసరమే ఎవరికీ తోచదు. ప్రభావం పెరిగినకొద్దీ లెక్కలో కనిపించకుండా పోవడం విడ్డూరమే.

ఉల్లేఖనాలు పనికిరానివని మేము అనడం లేదు. వేలాది దరఖాస్తులను వడబోసేటప్పుడు ఏదో ఒక కొలత కావాలి. కాని వైద్య కళాశాలల అధ్యాపకుల పదోన్నతికి పత్రాల ప్రచురణను షరతుగా పెట్టిన వ్యవస్థలో, 38 మంది రోగులను జాగ్రత్తగా వర్ణించిన జిల్లా ఆసుపత్రి సర్జన్‌కు ఏ విలువ దక్కుతోంది? బర్కిట్ కన్నా దాదాపు అర్ధశతాబ్దం ముందు కంపాలాలోని మెంగో ఆసుపత్రిలో ఆల్బర్ట్ కుక్ ఇలాంటి దవడ కణితులను చూసి కేసు పుస్తకాల్లో రాసిపెట్టారు. ఆ రాతలు నిలిచినందువల్లే వ్యాధి కొత్తది కాదని తర్వాత తెలిసింది. మన బోధనాసుపత్రుల్లో కేసు షీట్లను అలా భద్రపరచడానికి సిబ్బందినీ నిధులనూ కేటాయించాలి. నియామక, పదోన్నతి సంఘాలు అభ్యర్థి ఎంచి ఇచ్చిన రెండు మూడు పత్రాలను పూర్తిగా చదివి, వాటిపై తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలన్న నియమాన్ని జాతీయ వైద్య కమిషన్ తీసుకురావాలి.