జిప్పు లేని మూట

ఇంకో వారం ఆగితే మా ఆవిడ ఈ కథను తన పద్ధతిలో చుట్టాలందరికీ చెప్పేస్తుంది. ఆమె చెప్పే కథలో నేను ఇంకా లావుగా ఉంటాను. అందుకని నిద్ర చాలకపోయినా ఇప్పుడే రాసేస్తున్నాను.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి విజయవాడ. సీమంతం అయిన మర్నాటి నుంచి నా ఫోనుకు జాబితాలు మొదలయ్యాయి. డాలస్‌లో ఉన్న మా అక్క పంపిన దాంట్లో మొదటిది కారు సీటు. అది లేకపోతే అక్కడ ఆసుపత్రి వాళ్ళు బిడ్డను ఇంటికి పంపరట. మంచిదే, కానీ మా మామగారికి ఉన్నది స్కూటరు. ఆఫీసులో ఈమధ్యే తండ్రి అయిన ఒకాయన పంపిన జాబితాలో పాలసీసాలు మరిగించే యంత్రం, బిడ్డ ఏడిస్తే పక్క గదిలో మోగే యంత్రం, తుడిచే తడి కాగితాలను వెచ్చబెట్టే యంత్రం. విజయవాడలో. మే నెలలో. ఇక్కడ మే నెలలో కుళాయి తిప్పితేనే వేణ్ణీళ్ళు, కాగితం సంగతి చెప్పాలా!

మా అత్తగారి పద్ధతి దీనికి పూర్తిగా వేరు. బిడ్డ భూమ్మీద పడేదాకా కొత్తది ఏదీ కొనకూడదు. "కడుపులో ఉండగానే ఊయల కొంటారా బాబూ, తప్పు" అని ఒక్క మాటతో నా ఆన్‌లైన్ బుట్ట మొత్తం ఖాళీ చేయించారు. కొనకూడదు గానీ సమకూర్చుకోవచ్చు. కాబట్టి ఆవిడ చాట తుడిచారు, అటక మీద నుంచి వెండి ఉగ్గుగిన్నె దింపారు, వసకొమ్ము, సాంబ్రాణి, ఆముదం సిద్ధం చేశారు. డాక్టరమ్మేమో ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని, తేనె వద్దని, కంటికి కాటుక వద్దని, ముక్కులో చెవుల్లో నూనె చుక్క వెయ్యొద్దని వేళ్ళు మడిచి మరీ చెప్పింది. మా అత్తగారు అన్నిటికీ తల ఊపి, ఇంటికొచ్చి ఉగ్గుగిన్నెకు చింతపండు పెట్టి తోమారు. ఎందుకండీ అంటే "ఊరికే, మెరుగు కోసం" అన్నారు.

అసలు సంగతి మూట. మా ఆవిడ అమ్మమ్మగారివి మంగళగిరి నేత చీరలు కొన్ని ఉన్నాయి. కట్టి కట్టి, ఉతికి ఉతికి, ఒక దశ దాటాక ఆ బట్టకు బరువు తెలియదు. ఆవిడ వాటిని పిల్లగుడ్డలుగా మార్చే పని ఏడో నెలలోనే మొదలుపెట్టారు. ముందు అంచు తీసేయాలి. జరీ పోగు ఒక్కటి మిగిలినా పసివాళ్ళ చర్మం గీసుకుపోతుంది. తర్వాత కత్తెర ముట్టకుండా, చిన్న గాటు పెట్టి రెండు చేతులతో నిలువునా చర్రున చింపాలి, అప్పుడే పోగు వెంట తిన్నగా వస్తుంది. మరిగే నీళ్ళలో వేసి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేశాక ఒక్కో ముక్కనూ పెదవికి తాకించి చూస్తారు. గరుగ్గా అనిపిస్తే అది వంటింటి మసిగుడ్డల్లోకి పోతుంది. పరీక్షలో నెగ్గినవన్నీ ఉతికిన దుప్పట్లో పెట్టి నాలుగు మూలలూ ముడివేశారు. ముడి నా చేతికి ఇస్తూ, "బిడ్డను మొట్టమొదట నా చీరలోనే అందుకోవాలి నాయనా, నీదే పూచీ" అన్నారు. ఆవిడ నా మీద పెట్టిన మొదటి పూచీ ఇది. పెళ్ళప్పుడు కూడా మనవరాలి విషయంలో అంత గట్టిగా చెప్పలేదు.

నొప్పులు వచ్చాయి. వెళ్ళాం. ఆ భాగమంతా నాకు సరిగ్గా గుర్తు లేదు. మా ఆవిడ పైకి వెళ్ళింది, వెనకే అత్తగారు, వాళ్ళ వెనక రెండు బ్యాగులు. బావమరిది కారు పార్కింగు వెతుక్కుంటూ ఎటో పోయాడు. నేనూ మూటా గేటు దగ్గర మిగిలాం.

"ఏంటి సార్ అది?" అన్నాడు సెక్యూరిటీ అతను.

"బట్టలు. పుట్టబోయే బిడ్డకు."

"మూటలు పైకి పంపం సార్. బ్యాగులైతేనే."

వెనక బోర్డు ఉంది. బయటి ఆహారం, పూలు, దుప్పట్లు, మూటలు అనుమతించబడవు, ఇట్లు యాజమాన్యం. ఇందులో రెండు నేరాలు నా చేతిలోనే ఉన్నాయి, దుప్పటీ మూటా.

"బాబూ, బ్యాగులో ఉన్నా ఇందులో ఉన్నా అవే బట్టలు కదా?"

"జిప్ ఉండాలి సార్. ఇన్ఫెక్షన్."

దీని గురించి నేను చాలా ఆలోచించాను. సూక్ష్మజీవి అనేది జిప్పు చూస్తే ఆగుతుందట, ముడి చూస్తే దూరుతుందట. వేణ్ణీళ్ళలో మరిగి, కృష్ణా తీరపు మే నెల ఎండలో మాడి, అమ్మమ్మగారి పెదవి పరీక్షలో నెగ్గిన గుడ్డకు ప్రవేశం లేదు. నేను రెండు రోజులుగా వేసుకుతిరుగుతున్న ప్యాంటుకు మాత్రం ఉంది, దానికి జిప్పు ఉంది కాబట్టి.

పక్కనే ఆసుపత్రి వాళ్ళ మందుల షాపు. అద్దాల వెనక గులాబీ రంగు బ్యాగులు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి జిప్పులు. అవి తల్లీబిడ్డల కిట్లు. ప్యాకేజీలో భాగంగా ఒకటి మా చేత ముందే కొనిపించారు, అది పైన గదిలో ఉంది. షాపు అమ్మాయిని ఖాళీ బ్యాగు ఒకటి ఇవ్వమన్నాను.

"బ్యాగు విడిగా రాదు సార్. కోడ్ లేదు."

"డబ్బులిస్తాను."

"కోడ్ లేదు సార్."

మొత్తం కిట్ ఇంకొకటి కొంటే ఇస్తుందట. అందులో ఏముందో అద్దంలోంచి చదివాను. టవలు, టోపీ, చేతులకు తొడుగులు, మేజోళ్ళు, పౌడరు, గిలక్కాయ, దువ్వెన. పుట్టిన బిడ్డకు దువ్వెన. పాలసీసా మాత్రం లేదు. పాలసీసాలకూ డబ్బాపాలకూ ప్రచారం చేయకూడదని 1992లో చట్టం వచ్చింది కదా, ఆ ఖాళీని దువ్వెనతో పూరించినట్టున్నారు. మా బాబాయి కూతురికి కరీంనగర్ సర్కారు దవాఖానాలో కాన్పైనప్పుడు కేసీఆర్ కిట్ ఇచ్చారు. దోమతెర, పక్క, బట్టలు, తల్లికి చీరలు, సబ్బు, నూనె, అన్నీ పనికొచ్చేవే, అదీ ఊరికే. ఫిన్లాండులో ప్రభుత్వం 1938 నుంచి కాబోయే తల్లులకు సామాన్ల పెట్టె ఇస్తోంది, కావాలంటే బిడ్డను ఆ అట్టపెట్టెలోనే పడుకోబెట్టవచ్చు. అక్కడా జిప్పు లేదు.

మళ్ళీ గేటు దగ్గరికి వచ్చాను. సెక్యూరిటీ అతను చెడ్డవాడు కాదు. బోర్డు రాసింది అతను కాదు, ఉద్యోగం పోతే పోయేది మాత్రం అతనిది. నా ముఖం చూసి కాసేపు ఆలోచించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "చేతిలో ఉన్నదానికే సార్ రూలు. ఒంటి మీద ఉన్నదానికి ఏం లేదు."

మందుల షాపు పక్కన బాత్రూం ఉంది. అందులో గొళ్ళెం పెట్టుకుని మూట విప్పాను.

ముందు పసుపుపచ్చ ముక్కలు. బనీను పైన నడుం చుట్టూ ఒకదాని మీద ఒకటి బిగించాను, చివర కొస లోపలికి దోపాను. వాటి మీద చిలకాకుపచ్చవి. వంకాయ రంగు ముక్కలు పొడుగ్గా ఉన్నాయి, వాటిని ఛాతీ మీదుగా భుజాల దాకా అడ్డంగా నిలువుగా తిప్పాను. అప్పటికి మూట సగమే తగ్గింది. అమ్మమ్మగారు ఎన్ని చీరలు కట్టి ఉంటారో, ఎన్నేళ్ళు కట్టి ఉంటారో, ఆ బాత్రూంలో నిలబడి లెక్క కట్టడానికి ప్రయత్నించాను. ఇంకో రెండు ముక్కలు చేతులకు చుట్టి చొక్కా తొడుక్కున్నాను. పై గుండీ పట్టింది, కింద గుండీ పట్టింది, నడిమి గుండీ ఎగిరి వాష్‌బేసిన్‌లో పడి టింగుమని కన్నంలోకి పోయింది. మిగిలిన వాటిలో ఒకటి కండువాగా వేసుకున్నాను, ఒకటి తలకు చుట్టాను. దుప్పటి బాత్రూం తలుపుకు వేలాడేసి వచ్చాను. అద్దంలో చుట్ట చుట్టిన పరుపుకు తలపాగా పెట్టినట్టు కనిపించాను.

బయట ఎవరో చాలాసేపటి నుంచి తలుపు కొడుతున్నారు. తీసేసరికి ఆయన నన్ను చూసి, లోపల వేలాడుతున్న దుప్పటిని చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వచ్చిన పని అయిపోయినట్టుంది పాపం.

సెక్యూరిటీ అతను గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. నవ్వలేదు. ఆ మనిషికి ఈ జన్మలో నా కృతజ్ఞత ఉంటుంది.

లిఫ్టులో ఒక పెద్ద డాక్టరు, ఆయన వెనక ఇద్దరు చిన్న డాక్టర్లు, ఒక మూల కళ్ళజోడు ముసలావిడ. ఆ ఆసుపత్రిలో ఏసీ రెండో అంతస్తు నుంచే మొదలవుతుంది. కింద కూర్చునేవాళ్ళు ఇంకా డబ్బు కట్టలేదు కాబట్టి కాబోలు. చెమట నడుం దగ్గర పసుపుపచ్చ దాటి చిలకాకుపచ్చలోకి వస్తున్నట్టు తెలుస్తోంది. లిఫ్టు బాబు నన్ను ఏ అంతస్తని అడగలేదు, నా పొట్ట చూసి మూడు నొక్కాడు. మూడు ప్రసూతి వార్డు. ముసలావిడ కళ్ళజోడు సవరించుకుని ఆప్యాయంగా అడిగింది.

"తొలి కాన్పా తల్లీ?"

"అవునండి" అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

చిన్న డాక్టర్లలో ఒకమ్మాయి గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. పెద్ద డాక్టరు మాత్రం సెల్‌ఫోను చూసుకుంటూనే, తల ఎత్తకుండా, "ఉప్పు తగ్గించాలి" అన్నారు. నాతోనో ఫోనుతోనో ఇప్పటికీ తెలియదు.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి నర్సు కారిడార్‌లో కేక పెడుతోంది, మా ఆవిడ పేరు చెప్పి "తాలూకు ఎవరండీ?" అని. నేను పరిగెత్తాను. అంటే, ఆ స్థితిలో వీలైనంత.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. పాత కాటన్ బట్టలేమైనా ఉన్నాయా? మెత్తటివి? కిట్‌లో టవలు అసలు తడి పీల్చట్లేదు."

ఇది విన్నాక నాకు కలిగిన ఆనందంలో ఎంత భాగం తండ్రినైనందుకో ఎంత భాగం ఈ ప్రశ్నకో చెప్పలేను. "ఉన్నాయి సిస్టర్" అని చొక్కా విప్పడం మొదలుపెట్టాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. కానీ కొస చూడగానే అనుభవజ్ఞురాలు కదా, అర్థం చేసుకుంది, కొస పట్టుకుని లాగింది. నేను తిరిగాను. ఒకటి వచ్చింది. మళ్ళీ లాగింది, మళ్ళీ తిరిగాను. కుర్చీల్లో కూర్చున్న మిగతా తాలూకులందరూ కాళ్ళు వెనక్కి తీసుకుని దారి ఇచ్చారు. సరిగ్గా అప్పుడు మా అత్తగారు బయటికి వచ్చారు.

ఆవిడ పెళ్ళైన దగ్గర నుంచి నా ఎదుట కుర్చీలో కూర్చోలేదు, నా పేరు పలకలేదు. అటువంటి మనిషి, అల్లుడు తన తల్లి చీరల్లోంచి గిర్రున తిరుగుతూ బయటపడుతుంటే చూశారు. ఏమీ అడగలేదు. చటుక్కున గోడవైపు తిరిగి, చెయ్యి మాత్రం వెనక్కి చాచారు. వచ్చిన ముక్కను వచ్చినట్టు ఆ చేతిలో పెట్టాను, ఆవిడ అటే నిలబడి మడతపెట్టారు.

నర్సు ఒక్కో ముక్కనూ వాసన చూసింది. పసుపుపచ్చవి, చిలకాకుపచ్చవి ఒంటి చెమట పట్టాయని పక్కన పడేసింది, తలపాగా కూడా. అన్నిటికీ మధ్య పొరలో పొడిగా మిగిలిన వంకాయ రంగు ముక్కలు నచ్చాయి. మా అమ్మాయిని వాటిలోనే చుట్టి చూపించారు. అమ్మమ్మగారికి ఫోను చేసి చెబితే, "మడత నలగలేదు కదా నాయనా?" అన్నారు. లేదన్నాను.

ఇంటికి వచ్చే రోజు బిల్లులో ఆ కిట్ మళ్ళీ కనిపించింది, ప్యాకేజీలో ఒకసారి, విడిగా ఒకసారి. అడిగితే కౌంటర్ అమ్మాయి నవ్వుతూ చెప్పింది, వాడకపోతే వాపసు తీసుకుంటారట.

"వాడలేదండీ."

"సీలు ఉండాలి సార్."

"మీ సిస్టరే టవలు కోసం తెరిచారు."

"అయితే సిస్టర్‌తో సంతకం పెట్టించి తెండి సార్."

సిస్టర్ డ్యూటీ మారింది, మళ్ళీ రాత్రికి వస్తుందట. కింద కారులో బిడ్డ ఏడుస్తోంది, బావమరిది హారన్ కొడుతున్నాడు. డబ్బు కట్టేసి వచ్చేశాను. గిలక్కాయ మోగట్లేదు. టోపీ మా అమ్మాయి మోకాలికి సరిపోతుంది. దువ్వెన మాత్రం బాగానే ఉంది, నేను వాడుతున్నాను.