ధ్యానానికి తీరిక ఎవరిస్తున్నారు?

హైదరాబాదులో ఇప్పుడు ధ్యానం నేర్పేవారికి కొదవ లేదు. గచ్చిబౌలి, మాదాపూరు ఆఫీసుల్లో, అపార్టుమెంట్ల క్లబ్‌హౌసుల్లో, ఫోనులోని యాప్‌లలో, ఎక్కడ చూసినా ఒత్తిడి తగ్గుతుందని, నిద్ర పడుతుందని చెప్పి కూర్చోబెడుతున్నారు. ఆ మేలు నిజమే. అయితే కొన్నేళ్ళుగా జెన్ అనే బౌద్ధ ధ్యాన పద్ధతిలో ఉదయం పూట కూర్చుంటున్న నాకు, ఈ ప్రచారంలో ఒక ప్రశ్న పూర్తిగా కనుమరుగైందనిపిస్తుంది. మనం కళ్ళు వాల్చి కూర్చున్న ఆ అరగంటలో మన ఇంటి పని ఎవరు చేస్తున్నారు?

జాజెన్ అనే ఈ అభ్యాసం చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. గోడకు ఎదురుగా దిండు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకోవాలి. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి దగ్గర మొదలుపెట్టాలి. కళ్ళు పూర్తిగా మూయకూడదు. అందుచేత పక్కింటి కుక్కరు కూత, కింద బైకు చప్పుడు, మన వంటింట్లో గిన్నెల అలికిడి అన్నీ ఆ అభ్యాసంలో భాగమే అవుతాయి. గిన్నెల అలికిడి వినిపిస్తున్నదంటే వాటిని ఎవరో తోముతున్నారన్నమాట.

జెన్ పెద్దలు ఈ సంగతిని మరువలేదు. జపాను సన్యాసి డోగెన్ 1223లో చైనాకు వెళ్ళినప్పుడు, ఆయన ఇంకా ఓడలో ఉండగానే, పుట్టగొడుగులు కొనడానికి ఒక మఠం వంట పెద్ద అక్కడికి వచ్చాడు. ఇంత వయసులో ధ్యానం చేసుకోక, గ్రంథాలు చదువుకోక ఈ వంట పని ఎందుకని డోగెన్ అడిగితే, సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదని ఆ ముసలాయన నవ్వాడట. ఆ మాట డోగెన్‌ను వదలలేదు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక, 1237లో ఆయన మఠంలో వంట చేసేవారి కోసమే ఒక గ్రంథం రాశాడు. బియ్యం స్వయంగా కడగమని, ఇసుక ఏరేటప్పుడు ఒక్క గింజ కూడా పోనివ్వవద్దని, కడిగిన తెల్లనీళ్ళను సైతం ఊరికే పారబోయవద్దని అందులో చెప్పాడు. చేటలో బియ్యం చెరిగి, రాళ్ళు ఏరి, కడిగిన నీళ్ళను కుడితిలో పోసిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకు దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. తేడా ఒక్కటే: అక్కడ ఆ పనిని సాధనలో ఆరితేరినవారికి అప్పగించారు, ఇక్కడ అమ్మమ్మలకు వదిలేసి మనం పూజగదిలో కూర్చున్నాం.

ఇంకా లోతుకు వెళితే, ధ్యానం కొందరికి, ఎంగిలాకులు ఎత్తడం మరికొందరికి అని పుట్టుకను బట్టి పంచిపెట్టిన చరిత్ర మనది. నేటి హైదరాబాదు అపార్టుమెంటులో ఆ పంపకం రూపు మారింది గానీ పోలేదు. బస్తీలో తెల్లవారకముందే తన ఇంటి పని ముగించుకుని వచ్చి నాలుగు ఇళ్ళలో అంట్లు తోమే పనిమనిషికి ఊపిరి లెక్కపెట్టుకునే అరగంట ఎక్కడిది? పనిమనిషి లేని ఇంట్లో భర్త ధ్యానం ముగించి లేచేసరికి కాఫీ అందించవలసిన భార్యకైనా ఎక్కడిది? పనివారిని మాన్పించమని నేను అనడం లేదు. ఆ జీతం మీద కుటుంబాలు బతుకుతున్నాయి. తిన్న కంచం, పడుకున్న పక్క, వాడిన బాత్రూము మనమే శుభ్రం చేసుకోవాలనీ, పనిమనిషికి వారానికొక రోజు జీతం కోయకుండా సెలవివ్వాలనీ, దీన్ని దయగా కాక సాధనగానే లెక్కించాలనీ అంటున్నాను. ధ్యానం చేసే మగవారికి ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి.

విదేశాల్లో ఉండి ఇది చదువుతున్న తెలుగువారూ, మీరు ఈ విషయంలో మాకంటే ముందున్నారు. అక్కడ వంట, అంట్లు, చెత్తబుట్ట అన్నీ మీ చేతుల మీదుగానే సాగుతాయి. వాటి వల్లనే ధ్యానానికి సమయం చిక్కడం లేదని మీలో చాలామంది బాధపడడం నేను విన్నాను. కాలిఫోర్నియాలో జపాను జెన్ గురువు షున్ర్యూ సుజుకి, ఆయన శిష్యులు 1967లో నెలకొల్పిన తస్సహారా మఠంలోనైనా, మన కొడైకెనాల్ దగ్గరి బోధి జెండో అనే జెన్ ధ్యాన కేంద్రంలోనైనా కూర్చోవడంతో పాటు ఊడ్చడం, తరగడం, కడగడం కూడా దినచర్యలోనే ఉంటాయి. మీ సింకు ముందు గడిచే ఇరవై నిమిషాలను ఆ దినచర్యలో భాగంగా చూడండి. డిసెంబరులో ఇక్కడికి వచ్చినప్పుడు ఆ అలవాటును విమానాశ్రయంలో వదిలిపెట్టి రాకండి. మీరు కంచం కడుక్కుంటుంటే మీ అమ్మగారు వారిస్తారు, అయినా కడగండి.

మన తెలుగు సంఘాలకు నాదొక విన్నపం. ఈసారి ధ్యాన శిబిరం పెట్టినప్పుడు వంటవారిని బయటి నుంచి పిలిపించకుండా, కూరలు తరగడం, వడ్డించడం, ఎంగిలి కంచాలు ఎత్తి గిన్నెలు తోమడం శిబిరానికి వచ్చినవారికే వంతుల వారీగా అప్పగించండి. మొదటి వంతు సంఘం అధ్యక్షులవారిది, బోధించడానికి వచ్చిన గురువుగారిది కావాలి.